తన నోటితో తనే

"ఇది ఎప్పటి కాగితం, చిన్నీ?"

మోకాలి పట్టీ కోసం బీరువా అడుగు అరంతా కెలికిన భర్త చేతిలో పట్టీ లేదు, నాలుగు మడతల కాగితం ఉంది. మంచం మీద సగం సర్దిన పెట్టె తెరిచే ఉంది. రేపు పొద్దున్నే ఆయన బండెక్కాలి. ఓడరేవు గోడౌన్‌లో ఏడాది ఉద్యోగం.

చిన్ని గుమ్మంలోనే ఆగిపోయింది. నలభై ఒక్క ఏళ్ళు వచ్చినా ఇంట్లోనూ, పని దగ్గరా అందరికీ ఆమె చిన్నీయే. పెద్ద పేరుతో పిలవమని ఎవరినీ ఎప్పుడూ అడగలేదు కూడా.

"మూడు వారాల కిందటిది" అంది.

"అది నాకూ కనిపిస్తోంది. తేదీ రాసే ఉంది. ఈ మూడు వారాలూ అర అడుగున ఏం చేస్తోందని అడుగుతున్నా."

ఆయన కాగితం విప్పి పైకి చదివాడు. చిన్ని పనిచేసే, పళ్ళ సెట్లు తయారుచేసే ఆ రెండు గదుల ల్యాబును, పనిముట్లతో సహా దాని యజమాని పెద్దాయన ఆమెకు అప్పగిస్తాడట. డబ్బు ఒకేసారి కట్టక్కర్లేదు, వచ్చే ఆదాయంలోంచి ఐదేళ్ళలో తీర్చుకోవచ్చు. ఒక్కటే షరతు. సగం పని పెద్ద రోడ్డు క్లినిక్ నుంచి వస్తుంది కాబట్టి, ఆ డాక్టరు చిన్నితో రేటు మాట్లాడుకుని, ఇక మీదటా పని ఆమెకే ఇస్తానని రాసివ్వాలి. నెలాఖరు లోపు అది జరక్కపోతే ల్యాబు యంత్రాల కంపెనీకి వెళ్ళిపోతుంది.

"నెలాఖరు ఎప్పుడు?" అన్నాడు ఆయన.

"ఇవాళ."

"ఇవాళ!" ఆయన మంచం మీద కూలబడ్డాడు. "ఈ మోకాలితో నేను రేపు ఏడాది పాటు ఊరుగాని ఊరు పోతున్నాను. నువ్వు నా బట్టలు ఇస్త్రీ చేసి పెట్టెలో పెడుతున్నావు. ఒక్కో చొక్కా మడత పెడుతున్నప్పుడైనా నీకు నోరు రాలేదా?"

"నా వల్ల ఏమవుతుందండీ?" అంది చిన్ని.

ఆ మాట ఆ ఇంట్లో కొత్త కాదు. పక్క వీధిలో సొంతంగా పని పెట్టుకోమన్నప్పుడూ అదే మాట. జీతం పెంచమని అడగమన్నప్పుడూ అదే మాట. ఆమె లోపల ఒక గొంతు కాపురం ఉంటోంది. దానికి అద్దె లేదు, పనీ పాటా లేదు. పొద్దస్తమానం కూర్చుని, నీకెందుకే, నీ మొహానికి అదొక్కటే తక్కువ అని దెప్పడమే దాని ఉద్యోగం. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంటికి రావలసిన రూపాయిల్లో సగం అది గుమ్మంలోనే ఆపి వెనక్కి పంపేసింది. చిన్నికి మాత్రం అది తన మంచి కోరే దగ్గరి చుట్టంలాగే ఉండేది.

కిటికీ దగ్గర కుర్చీలో అత్తగారు కూర్చుని ఉన్నారు. కొడుకు ప్రయాణం ఖాయమైన రోజు నుంచీ ఆవిడ నోట్లో పళ్ళు లేవు. ఆవిడకు కోపం వస్తే పళ్ళ సెట్టు తీసి గిన్నెలో వేసేస్తారు. ఇక నాతో మాటలు లేవని దాని అర్థం. ఇప్పుడు గిన్నె దగ్గరికి లాక్కుని, సెట్టు కడిగి పెట్టుకుని, దవడ రెండుసార్లు ఆడించి సర్దుకున్నారు.

"ఈ పళ్ళు ఎవరు చేశారే?" అన్నారు.

"నేనే, అత్తయ్యా."

"ఆరేళ్ళయింది. ఒక్కరోజు చిగురు ఒరుసుకోలేదు. మా చెల్లెలు ఇంకెక్కడో చేయించుకుంది, నవ్వితే జారి కంచంలో పడుతుంది. నా పళ్ళు చూసి అది ముక్కున వేలేసుకుంది. చేతిలో ఇంత పని పెట్టుకుని ఏమవుతుందండీ అంటావేం?"

"పని వేరు, వ్యాపారం వేరు అత్తయ్యా. డాక్టర్లతో మాట్లాడాలి. వాళ్ళు చదువుకున్నవాళ్ళు."

"చదువుకున్నవాళ్ళకి పళ్ళుండవా?" అన్నాడు ఆయన. "అసలు సంగతి నేను చెప్పనా? నీకు రేటు చెప్పడం చేతకాదు. కాదు, చెప్పడం చేతనవును, చెప్పాక నోరు మూసుకోవడం చేతకాదు. మొన్న ఆ రెండో క్లినిక్ వాళ్ళతో ఏం చేశావు?"

"ఇప్పుడదెందుకు?"

"ఎందుకంటే ఎనిమిది వందలు అన్నావు. ఆవిడ ఏమీ అనలేదు, ఆలోచిస్తోంది. నువ్వే ఏడు వందలన్నావు. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంది. నువ్వు ఆరు వందలన్నావు. తుడవడం అయ్యేసరికి ఐదున్నరకి దిగావు. బేరం ఆడకుండానే మూడు మెట్లు దిగిన మనిషిని చూసి ఆవిడేమనుకుంటుంది? సరుకులో ఏదో లోపముందనుకుంది. పని ఇంకొకరికి ఇచ్చుకుంది."

చిన్నికి తల కొట్టేసినట్టయింది. అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. ఎదుటి మనిషి మాట్లాడకుండా ఉంటే ఆమె భరించలేదు. ఆ మౌనంలో తనను తిడుతున్న మాటలు వినిపిస్తాయి. అవి బయటికి రాకముందే తనే ఒకటి రెండు తగ్గించి, వాళ్ళను శాంతింపజేయాలనిపిస్తుంది.

"డాక్టరుగారిని ల్యాబు బాబాయే ఇవాళ నాలుగింటికి రమ్మన్నారు" అంది మెల్లగా. "నాకు చెప్పకుండా ఫోన్ చేశారట. ఒంట్లో బాగాలేదని చెప్పి నేను వెళ్ళకుండా ఉందామనుకున్నాను."

వంటింట్లో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. ఆయన పెట్టె మూత మూశాడు, తాళం మాత్రం వేయలేదు.

"చూడు చిన్నీ" అన్నాడు. గొంతులో కోపం పోయింది, అది ఇంకా కష్టంగా ఉంది. "నాకు వెళ్ళాలని లేదు. సాయంత్రం ఐదింటిలోపు వస్తానో రానో గోడౌన్ వాళ్ళకు ఖాయంగా చెప్పాలి. లేకపోతే వెనక వరసలో ఇంకొకడు ఉన్నాడు. నువ్వు డాక్టరుతో రేటు ఖాయం చేసుకుంటే నేను ఉండిపోతాను. అంతే. ఇందులో నిన్ను తిట్టడానికి ఏమీ లేదు."

ఆమె తలవంచుకుంది.

"రా, ఇలా కూర్చో. నేను డాక్టర్ని. ఎంతమ్మా సెట్టుకి?"

"ఊరుకోండి."

"ఎంతమ్మా?"

"తొమ్మిది వందలు."

ఆయన గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఐదు క్షణాలు, పది క్షణాలు. చిన్ని పెదవి కొరుక్కుంది, కాలి బొటనవేలితో నేల గీకింది.

"పోనీ ఎనిమిదిన్నర" అంది.

"చూశావా! నేను నీ మొగుణ్ణి. నా దగ్గరే దిగజారిపోయావు!"

అత్తగారు పకపకా నవ్వేశారు. చిన్నికీ నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత ముగ్గురూ కలిసి నవ్వారు, మళ్ళీ మొదలుపెట్టారు. రెండోసారి ఆమె ఎనిమిది వందల డెబ్బై ఐదు దగ్గర ఆగింది. నాలుగోసారికి నిమిషం పాటు నోరు విప్పకుండా కూర్చోగలిగింది. ఆయన గోడవైపు నుంచి తల తిప్పి, "సరేనమ్మా, తొమ్మిది వందలు" అని చెయ్యి చాపితే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

* * *

సైకిళ్ళు బాగుచేసే షాపు పైన ఉంది ల్యాబు. మెట్లెక్కగానే ప్లాస్టర్ పొడి వాసన, కరిగిన మైనం వాసన. గోడ పొడవునా అరలు, అరల నిండా ఎవరెవరివో దవడల అచ్చులు. ఒక్కోదానికీ ఒక చీటీ కట్టి ఉంటుంది. చిన్నికి చీటీలు అక్కర్లేదు. అచ్చు చూసి, ఇది ఒకవైపే నమిలే మనిషిది, ఇది నిద్రలో పళ్ళు కొరికే మనిషిది అని చెప్పేస్తుంది.

పెద్దాయన తెల్ల ఆప్రాన్ జేబుల్లో చేతులు దూర్చుకుని నిలబడి ఉన్నాడు. ఆరేళ్ళుగా ఆయన నిలబడే తీరే అది. ఆ చేతులు వణుకుతాయి. ఒకప్పుడు ముందు పళ్ళు అమర్చడంలో ఆయన్ని మించినవాడు లేడు. ముందు పళ్ళంటే నమలడానికి కాదు, మొహానికి. వెంట్రుకవాసి ముందుకొస్తే మనిషి మారిపోతాడు. ఆ పని ఆరేళ్ళుగా చిన్ని చేస్తోంది. సెట్లు పంపే పెట్టెల మీద మాత్రం ఆయన పేరే పోతుంది. నీ పేరు కూడా వేద్దామమ్మాయ్ అని ఆయన రెండుసార్లు అడిగాడు. "ఎందుకు బాబాయ్, మీ పేరు చూస్తేనే నమ్ముతారు" అని చిన్నే వద్దంది.

"వస్తావో రావో అనుకున్నాను" అన్నాడు పెద్దాయన.

"మా ఆయన కాగితం చూశారు, బాబాయ్."

"మంచిది. కంపెనీవాళ్ళు ఆరింటికి వస్తారు. వాళ్ళు వస్తే నిన్ను తీసేయరులే. పాలిష్ పట్టడానికి ఉంచుకుంటారు, ముక్కకింత అని ఇస్తారు." ఆయన కిటికీ వైపు తిరిగాడు. "డాక్టరుకి ఫోన్లో అన్నీ చెప్పాను. ఆరేళ్ళుగా పనంతా నీదే, నాది పేరు మాత్రమే అని చెప్పాను. ఆ ముక్క చెప్పడానికి నాకెంత కష్టమైందో నీకు తెలీదు."

అలా ఎందుకు చెప్పారు అని చిన్ని అడగబోయింది. ఈలోగా మెట్ల మీద చెప్పుల చప్పుడు.

డాక్టరు ముప్ఫై ఐదేళ్ళ మనిషి. రోజంతా ఎదుటివాళ్ళ నోళ్ళు తెరిపించే ఆయన, తన నోరు మాత్రం అవసరమైతేనే తెరుస్తాడు. స్టూలు మీద కూర్చుని సంచీలోంచి కాగితం తీశాడు. పని ఎన్ని రోజుల్లో ఇస్తారని అడిగాడు. చిన్ని చెప్పింది. సెట్టు సరిపోక తిరిగొస్తే ఎవరిది ఖర్చని అడిగాడు. కొలత తప్పు మీదైతే మీది, పని తప్పు మాదైతే మాది అని చెప్పింది. పెద్దాయన ఆశ్చర్యంగా ఆమెకేసి చూశాడు. ఇన్నాళ్ళూ ఎవరి తప్పైనా ఖర్చు తనే వేసుకునే మనిషి.

"రేటు?" అన్నాడు డాక్టరు.

"తొమ్మిది వందలు."

ఆయన ఏమీ అనలేదు. కాగితం వెనకవైపు ఏదో రాసుకున్నాడు, కొట్టేశాడు, మళ్ళీ రాశాడు.

కింద సైకిలు చక్రం తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. చిన్ని లోపలి గొంతు లేచి కూర్చుంది. ఎక్కువ చెప్పావే. వెళ్ళిపోతాడు చూడు. ఎనిమిది అను. కనీసం ఎనిమిదిన్నర అను. నీకోసం తొమ్మిది వందలిచ్చేవాడు ఎవడున్నాడు? ఆమె రెండు చేతులూ ఒళ్ళో బిగించి పట్టుకుంది. గోళ్ళు అరచేతిలో దిగాయి. ఎదురుగా అరలో ఉన్న అచ్చుల్లో పళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పద్నాలుగు దాకా వచ్చింది. డాక్టరు పెన్ను చెవి వెనక పెట్టుకున్నాడు. లెక్క తప్పింది, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

"సరే" అన్నాడు డాక్టరు. "తొమ్మిది వందలు. నాకు అభ్యంతరం లేదు."

అంతే. ఇల్లు కూలిపోలేదు, ఎవరూ నవ్వలేదు. చిన్ని ఊపిరి వదిలింది. ఇంత తేలికా, ఇంత తేలికైన పనికా ఇరవై ఏళ్ళు భయపడి చచ్చాను అనిపించి, సంతోషం కన్నా ముందు తన మీద తనకు ఏడుపొచ్చింది. "ఒక్క నిమిషం" అని పక్క గదిలోకి వెళ్ళి, భర్తకు ఫోన్లో రెండే ముక్కలు పంపింది. తొమ్మిదికి ఒప్పుకున్నారు.

తిరిగి వచ్చేసరికి డాక్టరు కాగితాన్ని తిన్నగా పరిచి, సంతకానికి పెన్ను మూత తీశాడు. తీసి, ఏదో గుర్తొచ్చినవాడిలా నవ్వాడు.

"నిజానికి ఇంకో వంద అడిగినా ఇచ్చేవాణ్ణి" అన్నాడు. "పోయిన నెల ఒక ముసలావిడ సెట్టు పంపారు కదా. ముందు పళ్ళలో ఒకదాన్ని రవ్వంత పక్కకు తిప్పారు. ఆవిడ అద్దంలో చూసుకుని ఏడ్చేసింది. తన పెళ్ళినాటి ఫోటోలో పన్ను అలాగే ఉండేదట. నేను ఫోటో పంపానే గాని, వంకర సంగతి నాకే కనబడలేదు. నేను ఇంతవరకు అలాంటి పని చూడలేదమ్మా."

చిన్నికి ఒళ్ళంతా వేడెక్కింది. ఆ పన్ను తిప్పడానికి ఆమెకు ఒక మధ్యాహ్నమంతా పట్టింది. ఫోటోను భూతద్దం కింద పెట్టుకుని, మైనం వేడిచేసి, తిప్పి, చల్లార్చి, మళ్ళీ తిప్పింది. ఆవిడ ఏడ్చిందట. ఇంటికి వెళ్ళి అత్తయ్యకు చెప్పాలి.

కానీ రేటు చెప్పాక నోరు మూసుకోవడమే మధ్యాహ్నమంతా నేర్చుకుంది. పొగిడితే ఏం చెయ్యాలో ఆ ఇంట్లో ఎవరూ నేర్పలేదు. మెచ్చుకోలు మీద పడేసరికి ఏదో దొంగసొత్తు చేతికిచ్చినట్టు కంగారు పడింది. ఎప్పుడూ చేసే పనే చేసింది. దాన్ని గబగబా పక్కవాళ్ళ చేతిలో పెట్టేసింది.

"అయ్యో, అదంతా బాబాయి చలవండీ. నాదేముంది? ముందు పళ్ళు ఆయనే చూసుకుంటారు. నేను ఊరికే పాలిష్ అదీ పడుతుంటాను."

చెప్పి నవ్వింది కూడా. నవ్వు సగంలో ఉండగానే పెద్దాయన మొహం కనబడింది.

డాక్టరు పెన్ను కాగితానికి ఆనించినవాడు ఎత్తేశాడు. "అదేంటి? ముందు పళ్ళు మీరు అమర్చరా?"

"అంటే... అమరుస్తాను. అప్పుడప్పుడూ. కానీ..."

"కానీ?"

చిన్ని బల్ల మీది మైనం ముక్కను వేళ్ళతో నలిపింది.

"ఆమే చేస్తుంది డాక్టరుగారూ" అన్నాడు పెద్దాయన. "ఆరేళ్ళుగా ఆమే. ఫోన్లో చెప్పాను కదా. దాని తీరే అంత, తన గురించి తను..."

"మీరు చెప్పారు. ఆవిడేమో మీ ఎదుటే కాదంటున్నారు." డాక్టరు గొంతులో కోపం లేదు. జాగ్రత్త మాత్రం ఉంది. "పెద్దవారు, ఏమీ అనుకోకండి. ల్యాబు అమ్ముకునేవాళ్ళు పనివాళ్ళ గురించి నాలుగు ముక్కలు ఎక్కువే చెబుతారు, అది సహజం. నాకు మాత్రం కావలసింది ఆ చెయ్యి. ఆ చెయ్యి మీదైతే, మీరు వెళ్ళిపోయాక నేను సంతకం పెట్టి ఏం చేసుకోను?"

పెద్దాయన చేతులు జేబుల్లోంచి బయటికి రాలేదు. తీసి చూపిస్తే సరిపోయేది. ముప్ఫై ఏళ్ళు పేరు మోసిన మనిషి, కుర్రడాక్టరు ముందు ఆ చేతులు తియ్యలేకపోయాడు.

నేనే అని ఒక్కమాట అంటే అయిపోతుంది. చిన్ని నోరు తెరిచింది. ఇప్పుడంటే అబద్ధాలకోరువి అంటాడు, ఇందాకటిది అబద్ధమా ఇది అబద్ధమా అంటాడు, అంది లోపలి గొంతు. ఆ మాట నిజమే అనిపించింది. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

డాక్టరు పెన్ను మూత పెట్టాడు. కాగితం మడిచి సంచీలో వేసుకున్నాడు.

"ఆలోచించుకుని చెబుతానమ్మా" అన్నాడు మర్యాదగా. చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు.

పెద్దాయన ఖాళీ అయిన స్టూలు వైపు చూశాడు.

"నా చేతులు పోయాయని నా నోటితో చెప్పుకున్నాను నీకోసం" అన్నాడు. "నన్ను అబద్ధాలకోరును చేశావు అమ్మాయ్."

"బాబాయ్, నేను కావాలని..."

"తెలుసు. కావాలని చేసుంటే తిట్టేవాణ్ణి." ఆయన గుమ్మం వైపు గడ్డంతో చూపించాడు. "పరుగెత్తు. ఇంకా కిందే ఉంటాడు. ఏమనుకుంటాడో తర్వాత సంగతి. వెళ్ళి నేనే అని చెప్పు, వెళ్ళు!"

చిన్ని మెట్ల దాకా వచ్చింది. కింద డాక్టరు సైకిలు షాపు పక్కన స్కూటరు తీస్తున్నాడు. పది మెట్లే. అప్పుడే చేతిలో ఫోను మోగింది.

"చిన్నీ!" ఆయన గొంతు ఎప్పుడూ లేనంత పైకి లేచింది. వెనకాల అత్తగారి నవ్వు వినిపిస్తోంది. "చూశాను, ఇప్పుడే చూశాను! తొమ్మిది వందలే! ఒక్క రూపాయి దిగలేదా?"

"దిగలేదు" అంది.

"గోడౌన్ వాళ్ళకు రానని చెప్పేశానే. మన వెనకున్నవాణ్ణి అప్పుడే పిలిచేసుకున్నారు కూడా. అమ్మ పెట్టెలోంచి నా చొక్కాలు తీసేస్తోంది." ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. "నీ వల్ల కాదని నువ్వు ఎన్నిసార్లు చెప్పినా నేను నమ్మలేదు, చూశావా?"

కింద స్కూటరు స్టార్టయింది. డాక్టరు తలెత్తి, మెట్ల మీద నిలబడ్డ ఆమెను చూశాడు. ఏమైనా చెబుతుందేమోనని ఒక్క క్షణం ఆగాడు.

"చిన్నీ, వింటున్నావా?" అన్నాడు ఆయన ఫోన్లో.

"వింటున్నాను" అంది చిన్ని, ఉన్నచోటు నుంచి కదలకుండా.